పెట్టుడు కాలు - పరుగు పందెము



మీ తాతగారు కళ్ళజోడు పెట్టుకొని పత్రిక చదువుతారు. మీ అవ్వకు పెట్టుడు పళ్ళు ఉండవచ్చు. పొరుగింటి పెద్దాయన చెవికి వినికిడి యంత్రము పెట్టుకొని ఉండవచ్చు. గుండె సరిగా కొట్టుకోనివారికి డాక్టర్లు రొమ్ముపైన చర్మము క్రింద పేస్‌మేకర్ అనే చిన్న యంత్రమును అమరుస్తారు. ఇవన్నీ మన శరీరములో వచ్చిన లోటును తీర్చడానికి మనుషులు చేసిన సాధనములు. వైద్యము తెలిసినవారు, యంత్రములు తెలిసినవారు కలిసి ఇటువంటి సాధనములను తయారుచేస్తారు. ఈ శాస్త్రానికి జీవవైద్య ఇంజనీరింగు అని పేరు.

తాతగారు కళ్ళజోడు పెట్టుకుంటే అది అన్యాయమని ఎవరూ అనరు. అవ్వ పెట్టుడు పళ్ళతో మురుకులు కొరికితే ఎవరూ కోర్టుకు వెళ్ళరు. కాని ఒక సాధనము మాత్రము కోర్టుదాకా వెళ్ళింది. అది మన దక్షిణాఫ్రికాకు చెందిన ఒక పరుగుగాని పెట్టుడు కాళ్ళ జత. ఆ కాళ్ళు అతని లోటును తీర్చాయా? లేక ఇతరులకు లేని బలమును అతనికి ఇచ్చాయా? ఈ ప్రశ్నపైన శాస్త్రజ్ఞులు, న్యాయవాదులు, ఆటగాళ్ళు ఎన్నో ఏండ్లు వాదించారు. ఆ వాదము ఇప్పటికీ పూర్తిగా ముగియలేదు. ఆ కథను ఈ పాఠములో తెలుసుకుందాము. దానికి ముందు మరొక పెట్టుడు కాలి సంగతి చెప్పుకోవాలి.

జయపూరు కాలు

భారతదేశములో జయపూరు పెద్ద నగరము. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్ పి. కె. సేఠీ అనే ఎముకల వైద్యుడు పనిచేసేవారు. ఆయనకు రామచంద్ర శర్మ అనే చేతిపని నిపుణుడు తోడయ్యాడు. ఆ రోజులలో కాలు పోయినవారికి విదేశీ పద్ధతిలో చేసిన పెట్టుడు కాళ్ళు ఇచ్చేవారు. చాలామంది వాటిని కొద్దికాలము వాడి మూలన పడవేసేవారు. ఎందువలన?

ఆ కాళ్ళు బూట్లు తొడుక్కొని కుర్చీలో కూర్చొనే మనిషి కోసము చేసినవి. భారతదేశములో రైతు వట్టి కాళ్ళతో బురదలో నడవాలి. నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చొని అన్నము తినాలి. గుడికి వెళ్ళితే చెప్పులు విడవాలి. బూటులో దాచిన కాలు ఈ పనులకు పనికిరాలేదు.

శర్మ, సేఠీ కలిసి 1968లో రబ్బరు, కర్ర ఉపయోగించి ఒక పాదమును తయారుచేశారు. అది పక్కలకు కూడా వంగుతుంది. నీటిలో తడిసినా చెడదు. చూడడానికి మనిషి పాదములాగే ఉంటుంది. ఖరీదు కూడా తక్కువ. 1975లో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్ళను పేదవారికి ఉచితముగా అమర్చుతూ వచ్చింది. డాక్టర్ సేఠీకి 1981లో మెగసెసే బహుమతి లభించింది.

అదే 1981లో సుధా చంద్రన్ అనే నాట్యకత్తె బస్సు ప్రమాదములో గాయపడింది. ఆమె కుడికాలి క్రింది భాగమును తీసివేయవలసి వచ్చింది. ఆమె జయపూరు కాలు అమర్చుకొని మళ్ళీ నడక నేర్చుకుంది. నొప్పిని ఓర్చుకుంటూ సాధన చేసింది. తిరిగి రంగస్థలము ఎక్కి భరతనాట్యము చేసింది. ఆమె కథను తెలుగులో "మయూరి" అనే సినిమాగా తీశారు. అందులో ఆమె పాత్రను ఆమే నటించింది. మీ తాతగారినో అవ్వనో అడగండి. వారిలో కొందరు ఆ సినిమా చూచి ఉంటారు.

సుధా చంద్రన్ నాట్యము చూచినవారు చప్పట్లు కొట్టారు. "పెట్టుడు కాలు వలన ఈమెకు మిగతా నాట్యకత్తెలకంటె ఎక్కువ లాభము కలిగింది" అని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆమె నాట్యము చేసినందువలన మరొకరు ఓడిపోలేదు గదా! ఈ మాటను గుర్తుంచుకోండి. తరువాత దీనితో మనకు పని ఉన్నది.

బ్లేడు కాలు

అమెరికాలో వాన్ ఫిలిప్స్ అనే యువకుడు 1976లో నీటిమీద జారే ఆట ఆడుతూ ప్రమాదానికి గురి అయ్యాడు. అతని ఒక కాలు మోకాలి క్రింద తెగిపోయింది. ఆసుపత్రిలో ఇచ్చిన బరువైన కాలు అతనికి నచ్చలేదు. "మనిషి పాదములాగా కనిపించే కాలు నాకు అవసరము లేదు. పాదము చేసే పనిని చేసే కాలు కావాలి" అన్నది అతని ఆలోచన. చీతా వెనుక కాలు వంగే తీరును అతడు గమనించాడు. కార్బన్ ఫైబర్ అనే తేలికైన, గట్టి పదార్థముతో వంపు తిరిగిన పాదమును తయారుచేశాడు. 1984లో వాటిని తయారుచేసే సంస్థను స్థాపించాడు. ఆ తరువాత వచ్చిన పరుగు కాళ్ళనే మనము బ్లేడులు అంటున్నాము.

బ్లేడు ఎట్లా పనిచేస్తుంది? ఒక స్కేలును బల్ల అంచున పెట్టి, కొనను క్రిందికి వంచి వదిలి చూడండి. అది ఎగిరి పైకి వస్తుంది. మీరు వంచినప్పుడు ఇచ్చిన శక్తినే అది తిరిగి ఇచ్చింది. బ్లేడు కూడా అంతే. పరుగెత్తేవాని బరువుకు వంగి, ఆ శక్తిని దాచుకొని, పైకి లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. తాను స్వయముగా శక్తిని పుట్టించలేదు. అందులో మోటారు లేదు, కండరము లేదు.

దక్షిణాఫ్రికాలో 1986లో ఆస్కర్ పిస్టోరియస్ పుట్టాడు. పుట్టుకతోనే అతని రెండు కాళ్ళలోను మోకాలి క్రింద ఉండవలసిన ఒక ఎముక లేదు. తల్లిదండ్రులు డాక్టర్లతో ఆలోచించి, పిల్లవానికి 11 నెలల వయస్సులో రెండు కాళ్ళను మోకాళ్ళ క్రింద తీయించారు. అతడు పెట్టుడు కాళ్ళమీదనే నడక నేర్చుకున్నాడు. 2004లో ఏథెన్స్‌లో జరిగిన పారాలింపిక్ పోటీలలో 200 మీటర్ల పరుగులో బంగారు పతకము గెలుచుకున్నాడు. తరువాత, రెండు కాళ్ళు ఉన్నవారితో సమానముగా ఒలింపిక్ పోటీలలో పరుగెత్తాలని కోరుకున్నాడు. అక్కడ చిక్కు మొదలయింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 2013లో ఇతడు ఒక యువతిని కాల్చి చంపాడు. 2015లో మన న్యాయస్థానము అది హత్య అని తీర్పు చెప్పింది. అతడు జైలులో శిక్ష అనుభవించాడు. కాబట్టి ఈ పాఠము అతనిని మీకు ఆదర్శముగా చూపడము లేదు. అతని కాళ్ళ విషయములో వచ్చిన ప్రశ్న మాత్రము అతని ఒక్కనిది కాదు. అది మనందరిదీ.

తరగతిలో వాదము

నేను ఈ కథ చెప్పినప్పుడు మా తరగతిలో పెద్ద వాదము జరిగింది.

ఒక బాలిక లేచి, "సర్, అతనికి పాదములు లేవు. చీలమండలు లేవు. పిక్కలు లేవు. అటువంటివానికి మనకంటె ఎక్కువ లాభము ఉన్నదని ఎట్లా అంటారు?" అని అడిగింది.

వెనుక బెంచీలో పరుగు పందెములకు వెళ్ళే అబ్బాయి ఒకడు వెంటనే, "కాని సర్, 400 మీటర్ల పరుగులో చివరికి వచ్చేసరికి మా పిక్కలు మండిపోతాయి. అతని బ్లేడు అలసిపోదు గదా!" అన్నాడు.

ఇద్దరు చెప్పినదానిలోను నిజము ఉన్నది. శాస్త్రజ్ఞులు కూడా సరిగా ఇట్లాగే రెండు పక్షములయ్యారు.

అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య 2007లో ఒక నియమము చేసింది. స్ప్రింగులు, చక్రములు వంటివి ఉండి, వాడేవారికి ఇతరులకంటె లాభము కలిగించే సాధనములు పోటీలలో వాడరాదని దాని సారము. ఆ ఏడాదే జర్మనీలోని కొలోన్ నగరములో పిస్టోరియస్‌కు పరీక్షలు చేశారు. ఒకే వేగముతో పరుగెత్తడానికి అతడు రెండు కాళ్ళు ఉన్నవారికంటె సుమారు 25 శాతము తక్కువ శక్తిని ఖర్చుచేస్తున్నాడని ఆ పరీక్షలు చేసిన ఆచార్యుడు చెప్పాడు. 2008 జనవరిలో సమాఖ్య అతనిని పోటీలనుండి నిషేధించింది.

పిస్టోరియస్ స్విట్జర్లాండులో ఉన్న క్రీడల న్యాయస్థానానికి వెళ్ళాడు. అతని తరపున అమెరికాలోని శాస్త్రజ్ఞులు మరికొన్ని పరీక్షలు చేశారు. 2008 మే నెలలో తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఏకగ్రీవముగా నిషేధమును కొట్టివేశారు.

వారు ఏమన్నారో జాగ్రత్తగా చూడండి. "బ్లేడులవలన లాభము లేదు" అని వారు అనలేదు. "లాభము ఉన్నదని సమాఖ్య రుజువు చేయలేదు" అన్నారు. జర్మనీలో చేసిన పరీక్షలు అతడు నిటారు దారిలో పూర్తి వేగముతో పరుగెత్తే సమయమును మాత్రమే లెక్కలోకి తీసుకున్నాయి. పందెము మొదట్లో లేచి వేగము అందుకోవడము బ్లేడులతో కష్టము. ఆ నష్టమును ఎవరూ లెక్కించలేదు. లాభనష్టములు రెండూ తూచకుండా తీర్పు చెప్పరాదు గదా! పైగా ఆ తీర్పు ఆ ఒక్క మనిషికి, అతడు అప్పుడు వాడిన ఆ ఒక్క రకము బ్లేడుకు మాత్రమే వర్తిస్తుందని కూడా చెప్పారు.

తమాషా ఏమంటే, 2009లో అతని తరపున పరీక్షలు చేసిన శాస్త్రజ్ఞులే రెండుగా చీలిపోయారు. బ్లేడు కాలికంటె తేలిక గనుక దానిని ముందుకు వేగముగా విసరవచ్చునని, 400 మీటర్లలో అది ఎన్నో సెకండ్ల లాభమని కొందరు అన్నారు. అంత లాభము ఉన్నదనడానికి ఆధారము చాలదని మిగిలినవారు అన్నారు. కొలతలు అవే. వాటిని అర్థము చేసుకోవడములోనే తేడా వచ్చింది.

2012లో లండన్ ఒలింపిక్ పోటీలలో పిస్టోరియస్ 400 మీటర్ల పరుగులో పాల్గొని సెమీఫైనలుదాకా వెళ్ళాడు. రెండు కాళ్ళూ లేకుండా ఒలింపిక్ పరుగు పందెములో పాల్గొన్న మొదటి మనిషి అతడే.

వేలు తిరిగి వచ్చింది

కొద్ది వారముల తరువాత అదే లండన్‌లో పారాలింపిక్ పోటీలు జరిగాయి. 200 మీటర్ల ఫైనలులో బ్రెజిల్ దేశపు అలన్ ఒలివేరా చివరి క్షణములో పిస్టోరియస్‌ను దాటి గెలిచాడు. ఓడిన వెంటనే పిస్టోరియస్, "అతని బ్లేడులు మరీ పొడుగు. ఈ పందెము న్యాయముగా లేదు" అనే భావముతో మాట్లాడాడు. ఒలివేరా బ్లేడులు నియమములకు లోబడే ఉన్నాయని నిర్వాహకులు చెప్పారు. ఆ సమయములో అట్లా మాట్లాడినందుకు పిస్టోరియస్ తరువాత క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆలోచించండి. నాలుగేండ్ల క్రితము ఏ మాట తనను బాధించిందో ఆ మాటనే అతడు మరొకరిపై అన్నాడు. అంటే న్యాయము అనేది మనము గెలిచినప్పుడు ఒక విధముగా, ఓడినప్పుడు మరొక విధముగా కనిపిస్తుంది. అందుకనే నియమములను పందెము ముగిసిన తరువాత కాదు, పందెమునకు ముందే, అందరి మాట విని, కొలతలు చూచి చేయాలి.

నియమములు చేయడము కూడా తేలిక కాదు. పుట్టుకతో కాళ్ళు లేనివాడు ఎంత పొడుగు ఉండవలసినవాడు? అతని మొండెము, చేతులు కొలిచి, లెక్కకట్టి, ఇంతకు మించి పొడుగు ఉండరాదని ఒక సూత్రము చేశారు. అమెరికాకు చెందిన బ్లేక్ లీపర్ అనే నల్లజాతి పరుగువీరునికి ఈ సూత్రమే అడ్డు వచ్చింది. ఆ సూత్రానికి ఆధారమైన కొలతలు ఐరోపా, ఆసియా సంతతివారివని, ఆఫ్రికా సంతతివారిని అందులో కొలవలేదని అతని పక్షము వాదించింది. 2020లో న్యాయస్థానము రెండు మాటలు చెప్పింది. లాభము లేదని రుజువు చేసే భారమును ఆటగానిపైన మోపడము తప్పు అన్నది మొదటిది. ఇందులో లీపర్ గెలిచాడు. అయినా, ఆ బ్లేడులమీద అతడు ఉండవలసిన ఎత్తుకంటె కొన్ని అంగుళములు ఎక్కువ ఉన్నాడు గనుక వాటితో పరుగెత్తరాదు అన్నది రెండవది. ఇందులో ఓడాడు.

ఎవరిని కొలిచి "సాధారణ మనిషి" అని నిర్ణయిస్తారో, ఆ కొలతలోనే న్యాయమో అన్యాయమో దాగి ఉంటుంది. ఒకప్పుడు మనుషులను రంగునుబట్టి విడదీసిన ఈ దేశములో పుట్టిన మీకు ఈ సంగతి నేను ఎక్కువగా చెప్పనక్కరలేదు.

లోటు తీర్చడము, శక్తి పెంచడము

ఇప్పుడు సుధా చంద్రన్ సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆమె కాలు గురించి రాని ప్రశ్న పరుగుగాని కాలు గురించి ఎందుకు వచ్చింది? పందెములో ఒకరు గెలిస్తే మరొకరు ఓడుతారు. అందువలన సాధనమును ఎక్కడ, దేనికోసము వాడుతున్నారు అన్నది చూడాలి. అదే బ్లేడు పెట్టుకొని ఒక తండ్రి తన బిడ్డతో డర్బన్ సముద్రతీరములో పరుగెత్తితే అడ్డుచెప్పే హక్కు ఎవరికీ లేదు. బడికి, పనికి, ఆటస్థలానికి వెళ్ళడానికి అతనికి ఆ కాలు కావాలి. పందెములో అయితే తోటివారి హక్కును కూడా చూడాలి.

ఈ ప్రశ్న కాళ్ళు లేనివారికి మాత్రమే సంబంధించినది కాదు. 2009లో ఈతగాళ్ళు ఒక కొత్త రకము దుస్తులు వేసుకొని ప్రపంచ రికార్డులను వరుసగా బద్దలుకొట్టారు. 2010 నుండి ఆ దుస్తులను నిషేధించారు. ఆరోగ్యముగా ఉన్న ఆటగాడు కండబలము కోసము మందులు వేసుకుంటే అది కూడా నిషేధమే. అదే మందును రోగికి డాక్టరు ఇస్తే అది వైద్యము. సాధనము ఒకటే, మందు ఒకటే. లోటు తీర్చడానికి వాడితే ఒక పేరు, ఉన్న శక్తిని పెంచడానికి వాడితే మరొక పేరు. రెండింటి నడుమ గీత గీయడము ఎంత కష్టమో మీరే చూచారు.

ఎవరిని అడగాలి?

పిస్టోరియస్ కాళ్ళను తీసినప్పుడు అతని వయస్సు 11 నెలలు. అతనిని ఎవరూ అడగలేదు; అడగడము సాధ్యము కాదు. తల్లిదండ్రులే నిర్ణయించారు. ఇట్టి నిర్ణయములు ఈనాడు మరెందరో తల్లిదండ్రుల ముందుకు వస్తున్నాయి.

కాక్లియర్ ఇంప్లాంట్ అనే సాధనము ఉన్నది. లోపలి చెవి పనిచేయనివారికి దానిని ఆపరేషను చేసి అమర్చుతారు. అది ధ్వనిని విద్యుత్ సంకేతములుగా మార్చి చెవి నరమునకు అందిస్తుంది. పుట్టుకతో వినబడని పిల్లలకు ఎంత చిన్న వయస్సులో అమర్చితే మాటలు నేర్చుకోవడము అంత సులభమవుతుంది. కాని ఆ వయస్సులో పిల్లవాడు "నాకు కావాలి" అని గాని, "వద్దు" అని గాని చెప్పలేడు. బధిరులలో కొందరు, "మాకు లోటు లేదు. మాకు సంజ్ఞాభాష ఉన్నది. అందరికీ యంత్రములు పెడితే మా భాష ఏమవుతుంది?" అని అడుగుతారు. ఎన్నో బధిర కుటుంబములు ఆనందముగా ఈ యంత్రమును ఎన్నుకున్నాయి కూడా. 2023లో దక్షిణాఫ్రికా సంజ్ఞాభాష మన దేశపు 12వ అధికార భాష అయింది. భాష పోతుందేమో అనే భయము ఎటువంటిదో తెలుగు తరగతికి వచ్చే మీకు, మీ పెద్దలకు తెలుసు. కాబట్టి వారి మాటను తేలికగా తోసివేయకండి.

ఈ విషయములో నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. కొన్నేండ్ల క్రితము నా తరగతిలోకి వినికిడి యంత్రము పెట్టుకున్న అబ్బాయి ఒకడు వచ్చాడు. మొదటి రోజుననే నేను అందరి ముందు, "ఇతనికి సరిగా వినబడదు. అందరూ గట్టిగా మాట్లాడండి" అని చెప్పాను. మేలు చేశాననే అనుకున్నాను. బడి వదిలిన తరువాత ఆ అబ్బాయి నా బల్ల దగ్గరకు వచ్చి, "సర్, నాకు గట్టిగా మాట్లాడితే ఉపయోగము లేదు. నావైపు తిరిగి మాట్లాడితే చాలు. నన్ను అడిగి ఉంటే చెప్పేవాడిని" అన్నాడు. నేను ఇరవై ఏండ్లుగా పాఠములు చెబుతున్నాను. ఆనాడు పాఠము నేర్చుకున్నది నేను.

మన దేశపు చట్టము కూడా ఆ అబ్బాయి పక్షముననే ఉన్నది. 1996 రాజ్యాంగములో 9వ విభాగము వికలాంగులపట్ల అన్యాయముగా భేదము చూపరాదని చెబుతుంది. ఎవరి శరీరముపైన వారికి హక్కు ఉన్నదని, వివరముగా తెలిపి అంగీకారము పొందకుండా ఎవరిపైనా వైద్య ప్రయోగములు చేయరాదని 12వ విభాగము చెబుతుంది. 2005లో చేసిన బాలల చట్టము ప్రకారము 12 ఏండ్లు నిండి, మంచిచెడులు తెలుసుకోగల పిల్లలు తమ వైద్యానికి తామే అంగీకారము ఇవ్వవచ్చు. ఆపరేషను అయితే తల్లిదండ్రుల తోడు కూడా ఉండాలి. మీలో చాలామందికి ఆ వయస్సు వచ్చింది, లేదా త్వరలో వస్తుంది. కాబట్టి ఇది పెద్దలు మాత్రమే ఆలోచించవలసిన సంగతి అని అనుకోకండి.

ఇంకా పుట్టని పిల్లల మాట ఏమిటి? 2018లో చైనాలో ఒక శాస్త్రజ్ఞుడు, పిండదశలోనే జన్యువులను మార్చగా కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. ఆ మార్పు వారి సంతానానికి కూడా రావచ్చు. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు దీనిని ఖండించారు. 2019లో అక్కడి న్యాయస్థానము అతనికి మూడేండ్ల జైలు శిక్ష విధించింది. అడగడానికి వీలులేనివారి విషయములో మరింత జాగ్రత్త అవసరమని ఈ సంఘటన చెబుతుంది.

ఎవరికి అందుతుంది?

చివరి ప్రశ్న డబ్బు గురించి. పరుగు బ్లేడులు చాలా ఖరీదైనవి. ధనిక దేశపు ఆటగానికి కొత్త బ్లేడు దొరికితే, పేద దేశపు ఆటగాడు పాత కాలుతోనే పోటీపడాలి. ఇద్దరూ కష్టపడినా పందెము సమానముగా ఉండదు. వినికిడి సాధనముల సంగతి కూడా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలయిన ఆరోగ్యశ్రీ పథకములో పేద కుటుంబముల పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చడమును కూడా చేర్చారు. జయపూరులో ఉచితముగా కాలు ఇస్తున్నారు. మేలైన సాధనమును కనిపెట్టడము ఒక గొప్ప పని. అది అవసరమైనవారికి అందేటట్లు చేయడము అంతకు తక్కువ పని కాదు.

రేపు మీలో కొందరు డాక్టర్లు, ఇంజనీర్లు, న్యాయవాదులు అవుతారు. ఇంకా కొత్త సాధనములు వస్తాయి. ప్రతి సాధనమును చూచినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరి లోటును తీరుస్తుంది? దీనివలన మరొకరికి అన్యాయము జరుగుతుందా, జరిగితే దానిని ఎవరు రుజువు చేశారు? ఎవరి శరీరములో దీనిని అమర్చుతున్నారో వారిని అడిగారా? ఈ మూడింటిలో మూడవదానిని మరచిపోవడము చాలా సులభము. నేను కూడా ఒకసారి మరచిపోయాను. మీరు మరువకండి.

కొత్త మాటలు

సాధనము : పని చేయడానికి ఉపయోగపడే వస్తువు
చీలమండ : పాదము, కాలు కలిసే చోటు
పిక్క : మోకాలి క్రింద వెనుకవైపు కండ
ఏకగ్రీవముగా : అందరూ ఒకే మాటగా
రుజువు : నిజమని చూపే ఆధారము
బధిరులు : చెవులు వినబడనివారు
సంజ్ఞాభాష : చేతులతో, ముఖకవళికలతో మాట్లాడే భాష
అంగీకారము : సరే అని ఒప్పుకోవడము

ప్రశ్నలు

1. విదేశీ పద్ధతిలో చేసిన పెట్టుడు కాళ్ళను భారతదేశములో చాలామంది ఎందుకు వాడలేకపోయారు?
2. బ్లేడు తనంతట తాను శక్తిని పుట్టించగలదా? స్కేలు ఉదాహరణతో చెప్పండి.
3. 2008లో క్రీడల న్యాయస్థానము ఏమని తీర్పు చెప్పింది? ఏమని చెప్పలేదు?
4. నాట్యకత్తె కాలి విషయములో రాని ప్రశ్న పరుగుగాని కాలి విషయములో ఎందుకు వచ్చింది?
5. "ఉండవలసిన ఎత్తు" అనే సూత్రమును మీరు చేయవలసి వస్తే ఎవరెవరిని కొలుస్తారు? ఎందుకు?

చేయండి

తరగతిలో రెండు పక్షములుగా ఏర్పడండి. బ్లేడులతో ఒలింపిక్ పందెములో పరుగెత్తవచ్చునని ఒక పక్షము, పరుగెత్తరాదని మరొక పక్షము తెలుగులో వాదించండి. తరువాత పక్షములు మార్చుకొని మళ్ళీ వాదించండి. మీ ఇంట్లో గాని, పొరుగున గాని కళ్ళజోడు, వినికిడి యంత్రము, చేతికర్ర వంటి సాధనము వాడేవారిని ఒకరిని, వారికి ఇష్టమైతేనే, దానివలన కలిగిన సుఖమును, ఇబ్బందిని అడిగి తెలుసుకొని పది వాక్యములు వ్రాయండి.